ఊరికే వెళ్ళొస్తాను

మా హాస్టల్ గేటు దగ్గర ఒక పొడుగాటి రిజిస్టర్ ఉంటుంది. పేరు, రూమ్ నంబర్, వెళ్ళే టైమ్, తిరిగొచ్చే టైమ్, ఇంటి ఫోన్ నంబర్, చివర్లో 'కారణం' అని ఒక గడి. మొదటి ఏడాదిన్నర ఆ గడిలో నేను రాసినవి మూడే మాటలు: జిరాక్స్, మెడికల్ షాప్, గుడి. నేనొక్కదాన్నే కాదు, పేజీ పైనుంచి కిందిదాకా చూస్తే అందరివీ దాదాపు అవే. నిజానికి అన్ని జిరాక్సులు ఎవరికీ అవసరం లేదు. గదిలో ఊపిరాడక కాసేపు బయటికి పోవాలనిపించింది, అంతే, కానీ ఆ మాట రాయడానికి ఆ రిజిస్టర్‌లో చోటు లేదు. ఒకసారి ధైర్యం చేసి 'ఊరికే' అని రాశాను. సెక్యూరిటీ అంకుల్ మంచాయన, కోప్పడలేదు. "ఊరికే అంటే ఎట్లమ్మా, ఏదన్న ఒకటి రాయి, మేడమ్ నన్నంటది" అన్నారు. కొట్టేసి 'గుడి' అని రాసి వెళ్ళాను. గుడికి వెళ్తే ఎవరూ ఏమీ అనరు.

ఆ కొట్టేసిన మాట గురించే ఇదంతా రాస్తున్నాను. ఊరికే అంటే పనేమీ లేకుండా అని ఒక అర్థం. ఊరివైపుకే అని ఇంకో అర్థం కూడా ఆ మాటలోనే ఉంది. కాలేజీలో నలిగిపోతున్న పిల్లలకు ఈ రెండు అర్థాల్లోనూ ఊరికే వెళ్ళే హక్కు ఉండాలని, అది సరదా కాదని, తిండీ నిద్రా లాంటి అవసరమని నా వాదన. 'సెలవుల్లో తిరుగుదువులే', 'జాబ్ వచ్చాక అన్నీ చూడొచ్చులే' అనే మాటలు విని దాన్ని వాయిదా వేసుకుంటూ పోతే నాకేమైందో, ఆ వాయిదా ఆపేశాక ఏం మారిందో చెప్తాను.

మాది డోర్నకల్ దగ్గర ఒక పల్లె. ఇంట్లో మిర్చి, పత్తి వేస్తారు. ఇంటర్ రెండేళ్ళు, 2021 నుంచి 2023 దాకా, హైదరాబాద్ శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. పొద్దున 5 గంటలకు లేపితే రాత్రి 10:30 దాకా ఏ గంటకు ఎక్కడ కూర్చోవాలో గోడ మీద టైమ్‌టేబుల్ ఉండేది. నెలకొక ఆదివారం అమ్మానాన్నలు వచ్చి గేటు దగ్గర చెట్టుకింద కూర్చుని, తెచ్చిన అన్నం తినిపించి వెళ్ళేవాళ్ళు. ఆ రెండేళ్ళలో నేను చార్మినార్ చూడలేదు. గోల్కొండ చూడలేదు. హుస్సేన్‌సాగర్‌ని ఒకసారి చూశాను, దసరా సెలవులకు సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్తుంటే ఆటోలోంచి, అర నిమిషం. ఊళ్ళో మా అత్తమ్మ "హైదరాబాద్‌ల చదివినవ్ గదా బిడ్డా, ఎట్లుంటది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. అప్పుడు బాధనిపించలేదు కూడా. ర్యాంకు వచ్చింది కదా అనుకున్నాను.

బాధ తర్వాత తెలిసింది. 2023లో వరంగల్ వైపు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు గేటు సాయంత్రం 6:30 దాకా తెరిచే ఉండేది, ఆదివారాలు పొద్దున్నుంచీ తెరిచే ఉండేది, అయినా నేను వెళ్ళలేదు. ఎవరూ ఆపలేదు, నాకే కాళ్ళు రాలేదు. బయట ఒక గంట గడిపితే ఆ గంట ఎవరికో బాకీ పడినట్టు గుండెలో దడ. రెండేళ్ళపాటు గంటలు లెక్కపెట్టి పెంచిన పిల్లని ఒక్కసారిగా వదిలేస్తే తనే తనకు వార్డెన్ అయిపోతుంది. ఇది మా తెలుగు పిల్లల్లో చాలామందికి జరిగే విషయం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇంటర్ అయిపోయింది కదా, ఇక స్వేచ్ఛే అనుకుంటారు. ఆ స్వేచ్ఛని ఎలా వాడుకోవాలో మాకు రాదు. బస్సు నంబర్ అడగడం రాదు, కొత్త వీధిలో నడవడం రాదు, ఒక్కదాన్నే హోటల్లో కూర్చుని తినడం రాదు.

2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర జరిగింది. సమ్మక్క సారలమ్మల దగ్గరికి కోటి మందికి పైగా కదిలే జాతర, మా కాలేజీకి సుమారు వంద కిలోమీటర్ల దూరం. హనుమకొండ రోడ్ల నిండా బస్సులు, ట్రాక్టర్లు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, మనిషెత్తు బెల్లం, దాన్నే అక్కడ బంగారం అంటారు, మోసుకెళ్ళే కుటుంబాలు. మా గది కిటికీలోంచి రాత్రంతా హారన్లు వినిపించేవి. నేను లేచి కిటికీ మూసేసి చదువుకున్నాను. మిడ్స్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు, ఉన్నాయని. ఆ మిడ్స్‌కి ఇంకా రెండు వారాల పైనే ఉంది. మూసిన కిటికీ ఇప్పటికీ గుర్తుంది, ఆ రాత్రి ఏం చదివానో మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు.

హాస్టల్లో ఉండి చదివేవాళ్ళ టెన్షన్ గురించి ఒక మాట చెప్పాలి. ఆఫీసులో రోజు బాగాలేని మనిషి సాయంత్రం ఇంటికొస్తాడు. మాకు ఆ ఇల్లు లేదు. పడుకునే మంచం, చదివే బల్ల, ఫెయిలైన రిజల్ట్ చూసిన చోటు అన్నీ ఒకటే, ఎనిమిదడుగుల దూరంలో. మెస్ లైన్లో నిలబడితే ముందున్న అమ్మాయి 'ఎంతొచ్చింది' అంటుంది, వెనకున్న అమ్మాయి 'ఎన్ని ప్రాబ్లమ్స్ సాల్వ్ చేశావ్' అంటుంది. సీనియర్ల గదిలోకి వెళ్తే ప్యాకేజీల మాట, వాట్సాప్ గ్రూపు తెరిస్తే అటెండెన్స్ లిస్టు. చుట్టూ రెండు వేల మంది ఉంటారు, అందరిదీ ఒకే వయసు, అందరిదీ ఒకే భయం. పసిపిల్ల ఏడుపు వినపడదు. ముసలాయన దగ్గు వినపడదు. కూరగాయల కోసం బేరమాడే గొంతు వినపడదు. లోకం అంటే ఇదే కాబోలు అనిపిస్తుంది కొన్నాళ్ళకు, ఇందులో వెనకబడితే లోకంలోనే వెనకబడ్డట్టు అనిపిస్తుంది. సీజీపీఏ ఒక్కటే తూకంరాయి అయినచోట మనిషి బరువు కూడా దానితోనే తూస్తారు. మనం కూడా మనల్ని దానితోనే తూసుకుంటాం.

2025 ఫిబ్రవరిలో మూడో సెమిస్టర్ ఫలితాలొచ్చాయి. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ పోయింది. పదో తరగతి నుంచి ఒక్క సబ్జెక్టు కూడా తప్పని పిల్లని. ఆ వారం నేను రాత్రిళ్ళు రెండింటికీ మూడింటికీ లేచి కూర్చునేదాన్ని, ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కుతున్నట్టుండేది, మెస్‌కి వెళ్తే అడుగుతారని బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను. ఇంటికి చెప్పలేదు. కాలేజీ వాళ్ళు ఆ నెలలోనే ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఆడిటోరియంలో ఒక సెషన్ పెట్టారు. అటెండెన్స్ తప్పనిసరి అన్నారు, రాకపోతే ఇంటర్నల్స్‌లో కోత అన్నారు. మూడు గంటలు ఏసీ హాల్లో కూర్చుని కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టాం. చెప్పినాయన మంచి మాటలే చెప్పారు. కానీ కళ్ళు తెరిస్తే అదే హాలు, అదే లిస్టు, పక్క సీట్లో అదే ప్రశ్న.

ఆ వారంలోనే ఒక పొద్దున నాన్న ఫోన్ చేశాడు. ఎప్పుడూ మిర్చి ఖమ్మం తీసుకెళ్ళేవాడు, ఈసారి ఊళ్ళో నలుగురు కలిసి బండి మాట్లాడుకుని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి వచ్చారట. "అమ్మ పచ్చడి పంపింది బిడ్డా. సంచులు ఇడిసిపెట్టి నేను రాలేను. నువ్వే రారాదు?" అన్నాడు. రిజిస్టర్‌లో మొదటిసారి నిజమైన కారణం రాసి బయటపడ్డాను.

సీజన్‌లో ఎనుమాముల గేటు దాటగానే ముందు దగ్గు వస్తుంది. ఘాటు కళ్ళలోకి, గొంతులోకి ఒక్కసారే ఎక్కుతుంది. అక్కడివాళ్ళు ముక్కుకి తువ్వాల కట్టుకుని మామూలుగా తిరుగుతుంటారు. ఎటు చూసినా ఎర్ర సంచుల వరుసలు, హమాలీల అరుపులు, కాంటాల చప్పుడు, సంచుల మధ్యలో పడుకున్న మనుషులు. మా ఇంటి వెనక కల్లంలో మిర్చి ఆరబోయడం పుట్టినప్పటినుంచీ చూశాను గానీ అది చివరికి చేరే చోటు నేను ఎప్పుడూ చూడలేదు. నా కాలేజీ ఫీజు అక్కడినుంచే వస్తుంది.

మార్కెట్‌లో పొద్దున్నే జెండా పాట, అంటే వేలం పాట, పాడతారు. మంచి సరుకుకి ఆ రోజు పలికే గరిష్ఠ ధర ఆ పాటలో తేలుతుంది. ఆ ధర అందరికీ రాదు. సరుకు రంగు చూసి, తేమ చూసి, తాలు, అంటే రంగు పోయిన కాయ, ఎంతుందో చూసి తగ్గించుకుంటూ పోతారు. ఆ ఏడాది రేటు అంతకుముందు ఏడాదికంటే బాగా పడిపోయింది. నాన్న పక్కన కూర్చున్న పెద్దాయన వేలితో ఒక కాయ విరిచి గింజలు చూపిస్తూ "దీనికేం తక్కువ చెప్పమ్మా" అని నన్నడిగాడు. నాకేం తెలుసు. కానీ అడిగాడు, నా ర్యాంకు తెలియని ఒక మనిషి నన్నొక అభిప్రాయం అడిగి ఎన్నాళ్ళయిందో.

నాన్నకు చెప్పేశాను. ఒక సబ్జెక్టు పోయిందని. ఆయన కాసేపు ఆగి, "మళ్ళ రాయొచ్చునా?" అన్నాడు. రాయొచ్చన్నాను. "ఎప్పుడు?" జూన్‌లో అన్నాను. "ఫీజు ఎంతైతది?" చెప్పాను. "సరే తియ్" అన్నాడు. అంతే. పది రోజులుగా నా ఛాతీ మీద కూర్చున్నది ఆ మూడు ప్రశ్నల్లో అయిపోయింది. తర్వాత "సంచుల కాడ కూసో, చాయ్ తాగొస్త" అని వెళ్ళాడు. గంట పైనే కూర్చున్నాను. మిర్చి సంచుల మీద, ఎండలో, ముక్కుకి చున్నీ కట్టుకుని. ఎవరూ నన్ను పట్టించుకోలేదు. ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చి పొద్దున ఏడింటిదాకా కదలకుండా పడుకున్నాను.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే అందరూ దీన్ని ఇంకోలా చదువుతారు. రైతుల కష్టం చూసి నా కష్టం ఎంత చిన్నదో తెలిసింది అని నేను చెప్పడం లేదు. ఆ మాట నాకు నచ్చదు. ఒకరి బాధతో ఇంకొకరి బాధని కొలిస్తే ఏ బాధా తగ్గదు, పైగా బాధపడినందుకు సిగ్గు కూడా తోడవుతుంది. నేను అక్కడ చూసింది వేరు. ఏడాదంతా పడ్డ పనికి ఒక్క పొద్దున ఎవరో వచ్చి రేటు కడుతుంటే ఆ మనుషులు దానికోసం ఎలా ఎదురుచూస్తున్నారో చూశాను. కలిసి కూర్చున్నారు. ఒకరి డబ్బా ఇంకొకరు తిన్నారు. అడ్తిదారుని తిట్టుకున్నారు, కూతురి పెళ్ళి మాట్లాడుకున్నారు, నిద్రపోయారు. రేటు తక్కువొచ్చినవాడు తక్కువ మనిషైపోయినట్టు ఎవరూ చూడలేదు. మా హాస్టల్లో రిజల్ట్ వచ్చిన రోజు ఎవరి గది తలుపు వాళ్ళు వేసుకుంటారు.

ఇదెందుకు పనిచేసిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో మిచిగాన్ యూనివర్సిటీకి చెందిన రేచల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980ల్లో ఒక సిద్ధాంతం చెప్పారు. పట్టుబట్టి ఒకదాని మీద మనసు పెట్టే శక్తి కండరంలా అలిసిపోతుందట. అది తిరిగి రావాలంటే నిద్ర ఒక్కటే చాలదు, మనం బలవంతం చేయకుండానే మన కంటిని మెల్లగా పట్టుకునేవి, ఆకులు కదలడం, నీళ్ళు, మబ్బులు లాంటివి, చూస్తూ ఉండాలట. రోజూ ఉండే చోటికి దూరంగా ఉన్నామన్న భావన కూడా అందులో ఒక భాగమేనట. వాళ్ళు ఎక్కువగా ప్రకృతి గురించి చెప్పారు. మిర్చి మార్కెట్‌ని ప్రకృతి అంటారో లేదో గానీ, అలిసిపోయిన కన్ను వేరే పనిలో పడటం మాత్రం నాకు అక్కడ అర్థమైంది. ఫోన్‌లో రీల్స్ చూస్తే ఆ విశ్రాంతి దొరకదు. అది కంటిని మెల్లగా పట్టుకోదు, గుంజుతుంది.

ఆ తర్వాత వారం నుంచి ఆదివారాలు బయటికి వెళ్ళడం మొదలుపెట్టాను. డబ్బు అడ్డం కాలేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తారు. ఏడాది పైగా ఆ కార్డు నా పర్సులో ఉంది, దానితో నేను జిరాక్స్ షాపుకి తప్ప ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఏడాది మీదే నాకు ఎక్కువ దిగులు.

మొదట వెళ్ళింది రామప్పకి. నేనూ, సివిల్ చదివే నా రూమ్మేటూ. హనుమకొండలో ములుగు మీదుగా పోయే బస్సెక్కి, జంగాలపల్లి దగ్గర దిగి, అక్కడినుంచి పాలంపేటకి ఆటో. మొత్తం 65, 70 కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. ఇవన్నీ మేము పోటీ పరీక్షల బిట్లుగా బట్టీ పట్టినవే. అక్కడ నిలబడితే బిట్లు గుర్తు రాలేదు. నా రూమ్మేట్‌కి ఆ సెమిస్టర్‌లో అన్నిటికంటే భయం సాయిల్ మెకానిక్స్, అంటే నేల బరువుని ఎలా మోస్తుందో చెప్పే సబ్జెక్టు. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద ఇంత రాతి గుడి నిలబెట్టారని, భూమి అదిరితే ఆ అదురుని ఇసుక మింగేస్తుందని, పైన గోపురానికి నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు వాడి బరువు తగ్గించారని గైడ్ ఎవరికో చెప్తుంటే నా రూమ్మేట్ వెళ్ళి వాళ్ళ గుంపులో కలిసిపోయింది. ప్రశ్న మీద ప్రశ్న. ఇసుక తడిస్తే ఏమవుతుంది, పక్కకి జారకుండా ఎలా ఆపారు, ఆ నేల కుంగడం వల్లే కదా ఆ స్తంభాలు అలా వంగాయి. క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని పిల్ల. మార్కుల కోసం కాకుండా ఒక విషయం తెలుసుకోవాలనిపించడం దానికి ఆరేళ్ళ తర్వాత మళ్ళీ అప్పుడే జరిగిందని తిరిగొస్తుంటే బస్సులో చెప్పింది.

గుడి చూశాక చెరువు కట్ట మీదికి వెళ్ళాం. రామప్ప చెరువు కూడా కాకతీయుల నాటిదే, ఇప్పటికీ దాని కింద పొలాలు పారుతున్నాయి. రెండు గంటలు ఏమీ మాట్లాడుకోలేదు. ఎనిమిది వందల ఏళ్ళనుంచి నీళ్ళు నిలిచి ఉన్న చోట కూర్చుంటే నాలుగో సెమిస్టర్ ఎంతసేపు అనిపించింది, ఇది మనసుకి తోచిన మాట, దీన్ని ఎవరికీ నిరూపించలేను.

దూరం పోవాల్సిన పని కూడా లేదు. వరంగల్ కోట మా హాస్టల్ నుంచి బస్సులో ముప్పావు గంట. నాలుగు తోరణాల మధ్య ఫొటోలు దిగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ గానీ, కోట లోపల ఊరుంది. మట్టికోట కట్టకీ రాతికోట గోడకీ మధ్య ఇళ్ళు, పొలాలు, బర్రెలు, పాత రాళ్ళను వికెట్లుగా పెట్టి క్రికెట్ ఆడే పిల్లలు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది, నిజాం కాలంలో, 1904లో, తెలుగు చదువుకోవడమే కష్టమైన రోజుల్లో పెట్టిన గ్రంథాలయం. మా కాలేజీ లైబ్రరీలో ఎంట్రీకి ఐడీ స్కాన్ చేయాలి, మాట్లాడితే ఫైన్. ఇక్కడ పేపర్ చదివే పెద్దలు తలెత్తి చూసి 'ఏ ఊరు బిడ్డా మీది' అంటారు. ఇంకేమీ తోచని రోజు కాజీపేట స్టేషన్. పది రూపాయల ప్లాట్‌ఫామ్ టికెట్ తీసుకుని బెంచీ మీద కూర్చుంటాను. హైదరాబాద్ వైపు, విజయవాడ వైపు, బల్లార్షా మీదుగా ఢిల్లీ వైపు లైన్లు అక్కడ కలుస్తాయి. డోర్నకల్ మీదుగా పోయే బండి వచ్చినప్పుడు ఎక్కను, చూస్తాను, కావాలంటే ఎక్కొచ్చు అని తెలిస్తే చాలు.

కొత్త చోట్లే చూడాలని ఏమీ లేదు. ఒకే టీ కొట్టుకి ఇరవై సార్లు వెళ్ళినా చాలు, అక్కడి ఆంటీకి నీ ముఖం గుర్తుండి రెండు వారాలు కనపడకపోతే 'ఏమైనవ్' అని అడిగితే చాలు. కాలేజీ రికార్డుల్లో లేని ఒక నువ్వు ఊళ్ళో ఉంటావు. గోవా ట్రిప్పుల గురించి అడిగే వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: క్లాసులో ఇరవై మందితో బస్సు మాట్లాడుకుని వెళ్తే కాలేజీని కూడా బస్సెక్కించుకున్నట్టే. అవే గుంపులు, అవే అలకలు, తిరిగొచ్చాక ఎవరి ఫొటోకి ఎన్ని లైకులని మళ్ళీ ఒక ర్యాంకుల లిస్టు. సరదాకి వెళ్ళండి, తప్పు లేదు. కానీ ఊపిరి కోసమైతే ఒక్కరే వెళ్ళండి, లేదా ఇద్దరు.

'ఇవన్నీ తిరిగితే చదువు ఎప్పుడు' అని అడుగుతారు. వారంలో నాలుగైదు గంటలు. నేను గదిలో పుస్తకం తెరిచి పెట్టుకుని గోడ చూస్తూ పోగొట్టుకున్న గంటలు అంతకంటే చాలా ఎక్కువ. జూన్‌లో సప్లీ రాశాను, పాసయ్యాను. తిరిగినందువల్లే పాసయ్యానని చెప్పను, చదివాను కాబట్టి పాసయ్యాను, కానీ చదవగలిగే స్థితిలోకి నన్ను తెచ్చింది గేటు బయట గడిపిన ఆదివారాలే.

అమ్మాయిల సంగతి వేరు అంటారు. ఇది అన్నిటికంటే పెద్ద అడ్డం, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువే మాట్లాడాలి. మా దగ్గర అబ్బాయిల హాస్టల్ గేటు రాత్రి 9:30కి, మాది 6:30కి. చలికాలంలో ల్యాబ్ అయ్యేసరికే 5 అవుతుంది. అబ్బాయిల రిజిస్టర్‌లో కారణం గడి ఉందిగానీ ఎవరూ నింపరు, ఎవరూ అడగరు. భద్రత కోసం అంటారు. భయాలు లేవని నేను అనను, బస్టాండులో చీకటి పడ్డాక నాకూ భయమే. కానీ ఊరు తెలిసిన అమ్మాయికి భయం తక్కువ ఉంటుంది. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ దారిలో దుకాణాలు తెరిచుంటాయో, ఎవర్ని సాయం అడగొచ్చో తెలిసినదానికి. నాలుగేళ్ళు లోపల దాచి, ఐదో ఏడు ఉద్యోగానికని బెంగళూరో హైదరాబాదో ఒక్కసారిగా పంపిస్తే అప్పుడు ఆ భద్రత ఏమవుతుంది? యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది, భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళలో అబ్బాయిలకు లేని వివక్ష నియమాలు పెట్టకూడదని. అదే ఏడాది ఢిల్లీలో అమ్మాయిలు హాస్టల్ కర్ఫ్యూల మీద పింజ్రా తోడ్, అంటే పంజరం పగలగొట్టు, అని ఉద్యమం చేశారు. ఇంతకాలమైనా మా గేటు 6:30కే మూస్తారు.

ఇంకో విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. ఊరు తిరగడం మందు కాదు. వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, బతకాలని అనిపించకపోతే రామప్ప వెళ్ళిరా అని ఎవరైనా చెప్తే నమ్మకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఆ రాత్రే మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. జాతీయ నేర రికార్డుల లెక్కల్లో 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ళ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని అందులో ఉంది. ఉండాలి. మా కాలేజీలో కూడా రావాలి. కానీ కౌన్సెలర్ గది కూడా గేటు లోపలే ఉంటుంది కదా. ఆ గదిదాకా వెళ్ళాల్సిన పరిస్థితి రాకముందే కొంతమందికి గాలి ఆడాలి, నేను మాట్లాడుతున్నది ఆ కొంతమంది గురించి, నా లెక్కన వాళ్ళే ఎక్కువ.

కాలేజీలు చేయాల్సింది పెద్దదేమీ కాదు. రిజిస్టర్‌లోంచి ఆ ఒక్క గడి తీసేయండి. పేరు, టైమ్, ఫోన్ నంబర్ చాలు, మా క్షేమం కోసం అవి అవసరమే. అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే టైమ్ పెట్టండి. నోటీసు బోర్డు మీద ప్లేస్‌మెంట్ లిస్టు పక్కన ములుగు బస్సుల టైమింగులు కూడా అంటించండి. ఫస్టియర్ వాళ్ళకి ఓరియెంటేషన్ అని వారం రోజులు హాల్లో కూర్చోబెడతారే, అందులో ఒక్కరోజు సిటీ బస్సెక్కించి ఊరంతా తిప్పండి. అమ్మానాన్నలకు నేను చెప్పేది ఇంకా చిన్నది: ఫోన్ చేసినప్పుడు 'చదువుతున్నవా' తర్వాత 'ఎటన్న పోయినవా' అని కూడా అడగండి. 2026 జనవరిలో మళ్ళీ మేడారం జాతర వచ్చింది. ఈసారి వెళ్ళాను. అమ్మ ఊరినుంచి వచ్చింది, ఇద్దరం హనుమకొండలో కలిసి బస్సెక్కాం, ఆ జనంలో, ఆ దుమ్ములో, జంపన్నవాగు దగ్గర అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది, చిన్నప్పటిలాగా. ల్యాబ్ రికార్డు ఒకటి లేటైంది. అయితే అయింది.

మొన్న ఆదివారం మా కింది గదిలో ఉండే ఫస్టియర్ అమ్మాయి వచ్చి, "అక్కా, నేనూ వస్తా, ఎక్కడికైనా" అంది. ముఖం చూస్తే తెలుస్తుంది ఎన్ని రాత్రులు నిద్రపోలేదో. ఇద్దరం గేటు దగ్గరికి వెళ్ళాం. కారణం గడి దగ్గర అది పెన్ను పట్టుకుని ఆగిపోయి నా వైపు చూసింది. తర్వాత 'రామప్ప' అని రాసింది. సెక్యూరిటీ అంకుల్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, "గుడికా?" అన్నారు.

"ఊరికే అంకుల్, చూడటానికి."

ఆయన రిజిస్టర్ మూసి, "మాది ఆ పక్క ఊరే" అన్నారు. మూడేళ్ళుగా రోజూ చూస్తున్నాను, ఆయనది ఏ ఊరో నేను ఎప్పుడూ అడగలేదు. "గుడి చూసి ఎనుకకు రాకుండ్రి, కట్ట మీదికి పోండి. చెరువు బాగుంటది. జంగాలపల్లి కాడ చాయ్ మంచిగుంటది." కాసేపు ఆలోచించి గేటు తీస్తూ, "పది నిమిషాలు లేటైనా నేను చూసుకుంట, పోండి" అన్నారు.